ఈ డబ్బు ఎప్పుడు కావాలి? విశాఖ కుటుంబానికి నెల జీతం నుంచి పెట్టుబడి దాకా

విశాఖలో జీతం పడిన వారంలో సలహాలు నాలుగు వైపుల నుంచీ వస్తాయి. ఆఫీసులో ఒకరు చీటీలో చేరమంటారు. భోగాపురం వైపు ప్లాటు చూపిస్తామని ఫోను వస్తుంది. ఎఫ్‌డీ వేద్దామని బ్యాంకుకు వెళ్తే పాలసీ చేతిలో పెడతారు. నగల కొట్టులో పదకొండు నెలల స్కీము ఉండనే ఉంది. అందరూ చెప్పేది ఎంత వస్తుందో. కానీ అది రెండో ప్రశ్న. ఈ డబ్బు నాకు ఎప్పుడు కావాలి అన్నది మొదటి ప్రశ్న. జూన్‌లో కట్టాల్సిన స్కూలు ఫీజును షేర్లలో పెట్టడం ఎంత తప్పో, ఇరవై ఏళ్ల తర్వాత కావాల్సిన డబ్బును సేవింగ్స్ ఖాతాలో పడేయడం కూడా అంతే తప్పు. ముందు తేదీ, తర్వాత వడ్డీ. కింద చెప్పేదంతా ఈ వరసలోనే నడుస్తుంది.

లెక్కల కోసం ఒక కుటుంబాన్ని అనుకుందాం. మద్దిలపాలెంలో అద్దె ఇల్లు, ఒక్కరి సంపాదన, ఇద్దరు పిల్లలు, నెలకు చేతికి వచ్చేది రూ. 60,000. మీ అంకెలు వేరే ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే.

1. ఏడాదికోసారి వచ్చే ఖర్చును ముందు పట్టుకోండి

నెల బడ్జెట్లు చాలా వరకు కూలిపోయేది పాలు, కూరగాయల దగ్గర కాదు, ఏడాదికోసారి వచ్చిపడే ఖర్చుల దగ్గర. అందుకే బ్యాంకు స్టేట్‌మెంట్ మూడు నెలలది కాకుండా పన్నెండు నెలలది తీయండి. నెలనెలా రాని ఖర్చులన్నీ ఒక కాగితం మీద రాయండి. మన కుటుంబానికి అవి ఇలా ఉన్నాయనుకుందాం:

స్కూలు ఫీజులు, పుస్తకాలు – 62,000
ఆరోగ్య బీమా – 24,000
టర్మ్ బీమా – 14,000
బండి బీమా, సర్వీసింగ్ – 8,000
సంక్రాంతి, దసరా బట్టలు, ఊరి ప్రయాణాలు – 30,000
పెళ్లిళ్లు, శుభకార్యాలకు చదివింపులు – 18,000

మొత్తం 1,56,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 13,000. అంటే ఈ ఇంటి నిజమైన ఆదాయం అరవై వేలు కాదు, నలభై ఏడు వేలు. జీతం పడిన మర్నాడే ఈ 13,000 వేరే ఖాతాలోకి దానంతటదే వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. ఆ ఖాతాకు డెబిట్ కార్డు వద్దు, ఫోన్‌లోని యూపీఐకి కలపొద్దు. సొంత ఇల్లుంటే జీవీఎంసీ ఆస్తి పన్నును కూడా ఈ జాబితాలో చేర్చండి. ఏప్రిల్ నెలాఖరులోపు ఏడాది పన్ను ఒకేసారి కట్టినవారికి మామూలుగా 5 శాతం రాయితీ ఉంటుంది. ఏ ఎఫ్‌డీ కూడా కొన్ని వారాల్లో అంత మిగల్చదు.

అద్దె, సరుకులు, కరెంటు, పెట్రోలు, ట్యూషన్లు కలిపి నెల ఖర్చు 36,000 అనుకుంటే చేతిలో మిగిలేది 11,000. ఇకపై చెప్పేదంతా ఈ పదకొండు వేల గురించే.

2. ఆపద నిధి: ఆరు నెలల జీతం కాదు, ఆరు నెలల ఖర్చు

ఉద్యోగం పోయినా, జీతం రెండు నెలలు ఆలస్యమైనా ఆగని ఖర్చులు ఏవో చూడండి. అద్దె, తిండి, ఫీజులు, ప్రీమియంలు ఆగవు. పండగ బట్టలు ఆగుతాయి. మన కుటుంబానికి అది నెలకు 40,000 దాకా తేలుతుంది. ఆరు నెలలకు 2,40,000. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగులైతే నాలుగు నెలలకు సరిపెట్టినా ఫరవాలేదు. కాంట్రాక్టు కొలువైతే తొమ్మిది నెలలకు పెంచండి.

ఈ నిధిని ఒకే ఎఫ్‌డీగా వేయడం అందరూ చేసే పొరపాటు. అరవై వేలు అవసరమైతే రెండు లక్షల డిపాజిట్ మొత్తం విరగ్గొట్టాలి. ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో అర శాతం నుంచి ఒక శాతం కోస్తాయి. దాని బదులు 40,000 సేవింగ్స్‌లో ఉంచి, మిగతా రెండు లక్షలను నలభై వేల చొప్పున ఐదు ఎఫ్‌డీలు చేయండి. ఎంత కావాలో అంతే విరుగుతుంది.

ఈ ఊళ్లో ఇంట్లో నోట్లు కూడా కొన్ని ఉండాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అవి లేనప్పుడు ఏటీఎం ఉండదు, యూపీఐ అంతకన్నా ఉండదు. పది పదిహేను వేలు, అందులో సగం వంద, రెండు వందల నోట్లుగా, నీళ్లు తగలని కవర్లో ఉంచండి. అక్టోబర్, నవంబర్ నెలల్లో వాటిని కదపొద్దు.

డిపాజిట్ ఎక్కడ వేస్తున్నారో కూడా చూడాలి. బ్యాంకు మునిగితే రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ డీఐసీజీసీ ఇచ్చే డిపాజిట్ బీమా కింద ఒక్కో ఖాతాదారుకు, ఒక్కో బ్యాంకులో, అసలు వడ్డీ కలిపి రూ. 5 లక్షల దాకా వస్తుంది. గాజువాకలో ఒక ఖాతా, ద్వారకానగర్‌లో ఒక ఖాతా ఉన్నా, బ్యాంకు ఒకటే అయితే రెండూ కలిపే లెక్క. సహకార బ్యాంకులకు ఈ బీమా ఉంది. సహకార పరపతి సంఘాలకు, సొసైటీలకు లేదు. సొసైటీ వాళ్లు ఒక శాతం ఎక్కువ ఇస్తున్నారంటే, మీరు వదులుకుంటున్నది ఈ రక్షణనే. ఆపద నిధి మాత్రం అక్కడ పెట్టకండి.

నెలకు పదకొండు వేల చొప్పున 2,40,000 చేరడానికి దాదాపు 22 నెలలు పడుతుంది. బోనసు, డీఏ అరియర్లు వచ్చినప్పుడు వాటిని నేరుగా ఇందులోకి మళ్లిస్తే ఏడాదిలో అవుతుంది. అప్పటిదాకా షేర్ల సంగతి తలపెట్టొద్దు. చేతిలో అప్పుంటే మాత్రం ఒక నెల ఖర్చు పక్కన పెట్టి, ముందు మూడో మెట్టు చూడండి.

3. అప్పులన్నిటినీ ఒకే కొలతలోకి తెండి

మనవాళ్లు వడ్డీని రూపాయల్లో చెబుతారు, బ్యాంకు శాతాల్లో చెబుతుంది, ఫైనాన్స్ కంపెనీ ఫ్లాట్ రేటులో చెబుతుంది, రోజువారీ ఫైనాన్సువాడు అసలు రేటే చెప్పడు. ఈ నాలుగింటినీ ఏడాదికి ఎంత శాతం అన్న లెక్కలోకి మార్చకుండా ఏ అప్పు ముందు తీర్చాలో తేలదు.

నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలంటే 36. ఐదు రూపాయలంటే 60. క్రెడిట్ కార్డు బాకీ మిగిల్చుకుంటే నెలకు 3 శాతం పైన, ఆ వడ్డీ మీద మళ్లీ జీఎస్టీ, వెరసి ఏడాదికి నలభై శాతం దాటుతుంది. కనీస మొత్తం కడితే ఆలస్య రుసుము తప్పుతుంది తప్ప వడ్డీ తప్పదు. పైగా బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటి మీద కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది.

బండి అప్పుకు 10 శాతం ఫ్లాట్ అంటే తక్కువలా వినిపిస్తుంది. లక్ష రూపాయలకు మూడేళ్లలో వడ్డీ 30,000, నెల వాయిదా 3,611. అసలు నెలనెలా తగ్గిపోతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే వేశారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే అది 18 శాతం.

పూర్ణా మార్కెట్ లాంటి చోట్ల చిల్లర వ్యాపారులు తీసుకునే రోజువారీ ఫైనాన్స్ ఇంకా దారుణం. పది వేలకు వెయ్యి ముందే కోసుకుని తొమ్మిది వేలు చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. డబ్బు సగటున యాభై రోజులే మీ దగ్గర ఉంది కాబట్టి ఏడాది లెక్కన అది 75 శాతం పైమాటే. ఇంట్లో బంగారం ఉంటే దాన్ని బ్యాంకులో కుదువ పెట్టి ఇలాంటి అప్పును అదే రోజు తీర్చేయడం మంచిది. బంగారం అప్పు వడ్డీ అందులో చిన్న భాగమే ఉంటుంది. కాకపోతే గడువు తేదీని క్యాలెండర్లో రాసుకోండి. వడ్డీ కట్టి తిరగరాయించడం మర్చిపోతే నగలు వేలానికి వెళ్తాయి.

రేటు ఎక్కువున్న అప్పును ముందు తీర్చండి, చిన్నదా పెద్దదా అని చూడొద్దు. ఏడాదికి 12 శాతం దాటిన అప్పు ఒక్కటైనా ఉన్నంతకాలం కొత్త పెట్టుబడి దండగ. ఆ అప్పు తీర్చడమే ఖాయంగా 12 శాతం మిగిల్చే పని. ప్రామిసరీ నోటు మీద తెచ్చిన బాకీ తీరగానే నోటు వెనక్కి తీసుకోండి. తర్వాత ఇస్తానంటే ఒప్పుకోవద్దు. నోటు అవతలివాళ్ల చేతిలో ఉంటే, రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు దాని మీద దావా వేయవచ్చు. వాయిదాలుగా కడుతుంటే ప్రతి చెల్లింపునూ నోటు వెనక రాయించాలి.

4. చీటీ: పొదుపా, అప్పా?

మన దగ్గర ఎక్కువమంది డబ్బు తిరిగేది ఇక్కడే. అందుకే దీన్ని కాస్త నిదానంగా చూద్దాం.

రూ. 5 లక్షల చీటీ. 25 మంది, 25 నెలలు, నెలకు 20,000. చీటీ నడిపే ఫోర్‌మన్ కమిషన్ 5 శాతం, అంటే ప్రతి పాటకూ 25,000. 2019 సవరణ తర్వాత చట్టం 7 శాతం దాకా ఒప్పుకుంటుంది కాబట్టి, మీ చీటీలో ఎంతో ఒప్పందంలో చూసుకోండి. మొదటి నెల చీటీ ఫోర్‌మన్ తీసుకుంటాడు. ఆ నెల తగ్గింపేమీ ఉండదు, పూర్తిగా 20,000 కట్టాలి. రెండో నెల ఒకరు లక్షన్నర వదులుకుని మూడున్నర లక్షలకు పాడుకున్నారు. ఆ లక్షన్నరలో కమిషన్ పోను మిగిలింది 1,25,000. 25 మందికి పంచితే తలకు 5,000. దీన్నే డివిడెండ్ అంటారు. ఆ నెల అందరూ 15,000 కడితే చాలు. నెలలు గడిచేకొద్దీ పాట తగ్గుతుంది, డివిడెండ్ తగ్గుతుంది, కట్టాల్సింది పెరుగుతుంది. సగటున నెలకు 2,400 డివిడెండ్ వచ్చిందనుకుంటే, ఒక్కొక్కరు మొత్తం కట్టేది 4,40,000.

చివరి నెల దాకా ఆగినవారికి కమిషన్ పోను 4,75,000 వస్తుంది. లాభం 35,000. డబ్బు వాయిదాలుగా కట్టారు కాబట్టి సగటున ఏడాదే అక్కడ ఉంది. కనుక ఏడాదికి దాదాపు 8 శాతం. బ్యాంకు ఆర్‌డీ కంటే కొంచెం మేలు, అంతే.

మూడో నెలలో 3,50,000కు పాడుకున్నవారి లెక్క వేరు. అప్పటికి తాము కట్టిన యాభై వేలు తీసేస్తే నిజంగా చేతికొచ్చిన అప్పు మూడు లక్షలు. మిగిలిన 22 నెలల్లో కట్టేది 3,90,000. లెక్క వేస్తే నూటికి రెండు రూపాయలు దాటిన వడ్డీ. బ్యాంకులో పర్సనల్ లోన్ దొరికే జీతగాడు తొలి నెలల్లో చీటీ పాడుకోవడమంటే ఖరీదైన అప్పు తీసుకోవడమే. ఆ దారి లేని చిరువ్యాపారికి మాత్రం, ఐదు రూపాయల వడ్డీతో పోలిస్తే చీటీ నిజంగా ఆదుకుంటుంది. చీటీ మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు లేదు. ఏ నెలలో పాడతారు అన్నదాన్ని బట్టి అది పొదుపో, అప్పో అవుతుంది.

చేరేముందు ఇవి చూడండి. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ప్రతి చీటీ గ్రూపుకూ విడిగా ముందస్తు అనుమతి, చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర ఒప్పందం నమోదు ఉండాలి. కంపెనీ పేరు రిజిస్టర్ అయితే సరిపోదు, మీరు చేరే గ్రూపు నంబరు అడగండి. ఒప్పందం ప్రతి మీ చేతికి రావాలి. పాడిన డబ్బు రావాలంటే పూచీదార్లు కావాలి. ఎలాంటివారు, ఎంతమంది అన్నది చేరిన రోజే రాతపూర్వకంగా తెలుసుకోండి. పాట గెలిచాక పూచీ కుదరక నెలలు గడిచిపోవడం తరచూ జరిగేదే. అపార్టుమెంట్లో, వీధిలో తెలిసిన ఆంటీ నడిపే చీటీకి ఏ నమోదూ ఉండదు. ఆవిడ మంచావిడే కావచ్చు. కానీ ఇద్దరు ముగ్గురు పాడేసుకుని కట్టడం మానేస్తే ఆవిడ సొంత డబ్బుతో నిలబెట్టగలదా అన్నదే ప్రశ్న. ఇక ఫలానా తేదీకి తప్పక కావాల్సిన డబ్బును, అంటే ఫీజునో ఆపరేషన్ ఖర్చునో, ఏ చీటీ మీదా ఆధారపెట్టకండి.

5. బీమా వేరు, పొదుపు వేరు

సంపాదించే మనిషి పోతే ఇల్లు నడవడానికి టర్మ్ పాలసీ. ఎంతకు తీసుకోవాలంటే, ఏడాది ఖర్చుకు 15 రెట్లు, దానికి అప్పులు కలిపి, ఉన్న పొదుపు తీసేయండి. మన కుటుంబానికి ఏడాది ఖర్చు దాదాపు ఆరు లక్షలు, కాబట్టి 90 లక్షల నుంచి కోటి. అరవై ఏళ్ల వయసు దాకా చాలు. పొగాకు అలవాటు, షుగరు, బీపీ దాచకుండా రాయండి. క్లెయిములు చిక్కుల్లో పడటానికి దాచిన జబ్బులే పెద్ద కారణం. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్టీ లేదు.

బీమా, పొదుపు కలిపి అమ్మే ఎండోమెంట్, మనీబ్యాక్ పాలసీల్లో బీమా చాలదు, రాబడి కూడా ఎక్కువగా 4 నుంచి 6 శాతం మధ్యే ఉంటుంది. బ్యాంకులో ఎఫ్‌డీ లాంటిదే సార్ అని చెప్పి అంటగట్టినట్టు అనిపిస్తే, పాలసీ అందిన 30 రోజుల్లోపు ఫ్రీ లుక్ కింద వెనక్కి ఇచ్చేయవచ్చు. ఆ గడువు దాటితే నష్టం తప్పదు.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. ముప్పై అయిదు దాటకముందే సొంతంగా ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ ఒకే పాలసీ, తీసుకోండి. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ పెట్టవచ్చు కాబట్టి, జబ్బు వచ్చాక తీసుకుంటే వెంటనే పనికిరాదు. పాలసీలో గది అద్దె పరిమితి ఉందేమో చూడండి. రోజుకు 5,000 పరిమితి ఉండి 8,000 గదిలో చేరితే, పోయేది ఆ మూడు వేల తేడా ఒక్కటే కాదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు ఖర్చు లాంటివి కూడా అదే దామాషాలో కోస్తారు. అలాంటి ఖర్చు 1,60,000 అయితే చేతికొచ్చేది లక్షే.

పొదుపు ఖాతా ఉన్న ప్రతి ఒక్కరూ తీసుకోదగినవి రెండున్నాయి. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి జీవిత బీమా, ఏడాదికి 436 రూపాయలు, 18 నుంచి 50 ఏళ్లలోపు చేరాలి. ప్రధానమంత్రి సురక్షా బీమా 20 రూపాయలు, ప్రమాదాలకు, 70 ఏళ్ల దాకా. ఒక్కోదానికి రెండు లక్షలు. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేక ఇవి ఆగిపోతుంటాయి. ఆ వారం బ్యాలెన్సు చూసుకోండి.

తుఫాన్ల తీరంలో సొంత ఇల్లుంటే భారత్ గృహ రక్ష పాలసీ తప్పనిసరి అనుకోండి. తుఫాను, వరద, అగ్నిప్రమాదం ఇందులోకి వస్తాయి. ఇంటి బీమా మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా పది లక్షలకు, ఇంట్లో సామాను కూడా అందులోనే. బండికి థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే చెట్టు పడినా, నీట మునిగినా రూపాయి రాదు.

6. మూడేళ్లలోపు డబ్బు, ఏడేళ్లు దాటిన డబ్బు

మూడేళ్లలోపు కావాల్సినదంతా ఎఫ్‌డీ, ఆర్‌డీల్లోనే. ఇక్కడ తెలివితేటలు అక్కర్లేదు. మూడు నుంచి ఏడేళ్ల మధ్యదానికి పోస్టాఫీసు జాతీయ పొదుపు పత్రం, బ్యాంకు డిపాజిట్లు సరిపోతాయి.

ఏడేళ్లు దాటితే సంగతి మారుతుంది. ధరల పెరుగుదల డబ్బును తినేస్తుంది కాబట్టి కొంత భాగం షేర్ల వైపు వెళ్లాలి. అయితే ముందు మీకు ఇప్పటికే ఉన్నది చూసుకోండి. మూల వేతనం, డీఏ మీద మీరు 12 శాతం, యజమాని 12 శాతం పీఎఫ్ కడతారు. యజమాని వాటాలో నెలకు 1,250 దాకా పింఛను పథకానికి పోతుంది. 2024-25కు పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. అంత ఖాయంగా ఆ రేటు ఇచ్చేది ఇంకోటి కష్టం. దువ్వాడలో ఒక కంపెనీ, పరవాడలో ఇంకో కంపెనీ అని మారినప్పుడల్లా పీఎఫ్ తీసేసుకోవడం పెద్ద నష్టం. పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేయించండి. ఐదేళ్ల నిరంతర సర్వీసు లేకుండా తీస్తే పన్ను కూడా పడుతుంది.

పీపీఎఫ్ పదిహేనేళ్లది, 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం ఉంది, ఏడాదికి గరిష్ఠం లక్షన్నర. ప్రతి నెలా 5వ తేదీ నుంచి నెలాఖరు మధ్య ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ లెక్క. లక్షన్నర ఒకేసారి ఏప్రిల్ 5లోపు వేయకుండా 6న వేస్తే, ఆ ఒక్క రోజుకు 887 రూపాయలు పోతాయి. పదేళ్లలోపు ఆడపిల్ల ఉంటే పీపీఎఫ్ కంటే సుకన్య సమృద్ధి మేలు. 2024 జనవరిలో దాని వడ్డీ 8.2 శాతానికి పెంచారు. అరవై దాటిన అమ్మానాన్నలకు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకం, 30 లక్షల దాకా, మూడు నెలలకోసారి వడ్డీ. ఈ రేట్లను కేంద్రం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. వేసేముందు ఆ త్రైమాసికం రేటు చూడండి.

షేర్ల వైపు మొదటి అడుగుకు నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ చాలు. నిఫ్టీ సూచీలోని యాభై పెద్ద కంపెనీల షేర్లను అదే నిష్పత్తిలో కొనే మ్యూచువల్ ఫండ్ అది. పని ఇలా సాగుతుంది. పాన్, ఆధార్ అనుసంధానమై ఉన్నాయో చూసుకోండి. ఫండ్ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో కేవైసీ పూర్తిచేయండి. పథకం పేరులో డైరెక్ట్ (మధ్యవర్తి లేకుండా), గ్రోత్ (లాభం ఫండ్‌లోనే ఉండిపోయేది) అనే రెండు మాటలూ ఉన్నాయని సరిచూసుకోండి. జీతం పడిన రెండు మూడు రోజులకు సిప్, అంటే నెలనెలా ఫండ్‌లోకి వెళ్లే వాయిదా, తేదీ పెట్టండి. నామినీ రాయండి. డైరెక్ట్ అన్న ఆ ఒక్క మాట విలువ ఎంతంటే, నెలకు 5,000 చొప్పున ఇరవై ఏళ్లు, ఏడాదికి 10 శాతం వస్తే దాదాపు 38 లక్షలు. మధ్యవర్తి కమిషన్ ఒక శాతం తినేసి 9 శాతమే వస్తే 33.4 లక్షలు. మీరు కట్టింది రెండింట్లోనూ 12 లక్షలే. ఈ 10, 9 ఉదాహరణకే. అంతే వస్తుందని ఎవరైనా హామీ ఇస్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

పడటం కూడా ఇందులో భాగమే. 2020 జనవరికీ మార్చికీ మధ్య నిఫ్టీ మూడో వంతుకు పైగా పడింది. 2008లో సగానికి పైగా. ఆ నెలల్లో సిప్ ఆపినవారికి తక్కువ ధరకు దొరకాల్సిన యూనిట్లు దొరకలేదు. డబ్బు కావాల్సిన తేదీ మూడేళ్ల దూరంలోకి రాగానే, షేర్ల వైపు ఉన్నదాన్ని విడతలుగా ఎఫ్‌డీల్లోకి మార్చడం మొదలుపెట్టండి. కొడుకు ఇంజినీరింగ్ ఫీజు కట్టే నెలలో మార్కెట్ ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఏడాది దాటాక అమ్మితే, ఏడాదికి 1.25 లక్షలు దాటిన లాభం మీద 12.5 శాతం పన్ను. ఏడాదిలోపు అమ్మితే 20.

షేర్ల ధరల మీద పందెం లాంటి ఫ్యూచర్స్, ఆప్షన్స్ జోలికి వెళ్లకండి. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో అందులో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబర్‌లో లెక్కతో సహా చెప్పింది. కోచింగు క్లాసులు ఆ ఏడు శాతాన్నే చూపిస్తాయి.

మన కుటుంబం ఆపద నిధి నిండాక పదకొండు వేలను ఇలా విడగొట్టవచ్చు: ఇండెక్స్ ఫండ్ 5,000, సుకన్య లేదా పీపీఎఫ్ 4,000, మూడేళ్లలో కొనాల్సిన బండి కోసం ఆర్‌డీ 2,000. జీతం పెరిగినప్పుడు పెరిగిన మొత్తంలో సగం ఇటు రావాలి.

7. బంగారం, స్థలం

నగ పెట్టుబడి కాదు. లక్ష రూపాయల బంగారం మీద తరుగు, మజూరీ 12 శాతం వేస్తే 1,12,000. దాని మీద జీఎస్టీ 3 శాతం కలిపితే 1,15,360. మర్నాడు అమ్మితే లక్ష కూడా పూర్తిగా రాదు. అంటే బంగారం ధర 15 శాతం పెరిగాకే మీ సొమ్ము మీకు వచ్చినట్టు. పెళ్లికి, ముచ్చటకు కొనుక్కోండి, అది వేరే ఆనందం. కొనేటప్పుడు బీఐఎస్ ముద్ర, 22కే916, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ మూడూ భూతద్దంలో చూసి, బిల్లులో తరుగును విడిగా రాయించండి. పొదుపు కోసమైతే షేర్లలా కొని అమ్మే బంగారు ఫండ్, అంటే గోల్డ్ ఈటీఎఫ్, నయం. నగల కొట్ల పదకొండు నెలల స్కీములో కట్టేది డిపాజిట్ కింద లెక్కకు రాదు, సరుకుకు ఇచ్చిన అడ్వాన్సు కింద వస్తుంది. ఏడాది దాటితే డిపాజిట్ నిబంధనలు తగులుకుంటాయి కాబట్టే అది పదకొండు నెలలు. కొట్టు మూతపడితే దానికి ఏ బీమా లేదు.

ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చేముందు విశాఖ అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ఇచ్చిన లేఅవుట్ అనుమతి (ఎల్‌పీ) నంబరు, స్థిరాస్తి నియంత్రణ సంస్థ ఏపీ రెరా నమోదు నంబరు అడిగి, ఆ రెండు వెబ్‌సైట్లలోనూ మీరే సరిచూడండి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), పాత దస్తావేజులైన లింకు డాక్యుమెంట్లు, భూమి రికార్డులైన అడంగల్, 1-బి తీసి వకీలుకు చూపించండి. ఆ ఖర్చు ప్లాటు ధర ముందు లెక్కలోకి రాదు. ప్రీలాంచ్ ఆఫరు, ఆఖరి నాలుగు ప్లాట్లే సార్ అన్నది వింటే ఆగండి. రెరా కిందకు వచ్చే వెంచరును నమోదు కాకముందే అమ్మకానికి పెట్టడం చట్టవిరుద్ధం. నమోదైనచోట కూడా రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం అదనం.

ఇంటి అప్పు 30 లక్షలు, 8.5 శాతం, ఇరవై ఏళ్లకు వాయిదా 26,035. వడ్డీ ఒక్కటే 32 లక్షలు దాటుతుంది. ఏటా ఒక్క వాయిదా అదనంగా కడితే అప్పు మూడేళ్లకు పైగా ముందే తీరుతుంది. ఫ్లోటింగ్ రేటు ఇంటి అప్పుకు ముందస్తు చెల్లింపు రుసుము ఉండదు. అదనంగా కట్టాక వాయిదా తగ్గించవద్దు, కాలం తగ్గించమని రాసివ్వండి.

8. పన్ను, మోసాలు, కాగితాలు

2025-26లో కొత్త పద్ధతిలో జీతగాళ్లకు 12.75 లక్షల దాకా పన్ను లేదు. బీమా, పీపీఎఫ్ లాంటివాటికి దొరికే 80సీ మినహాయింపు పాత పద్ధతికే. కాబట్టి ఫిబ్రవరిలో హడావుడిగా పన్ను ఆదా పాలసీ కొనాల్సిన అవసరం చాలామందికి ఇప్పుడు లేదు.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో స్క్రీన్‌షాట్లు చూపించి, సొంత యాప్‌లో డబ్బు వేయమనేవన్నీ మోసాలే. మొదట్లో చిన్న మొత్తం వెనక్కి ఇచ్చి నమ్మకం కలిగించి, పెద్ద మొత్తం వేశాక పన్ను కడితేనే తీయగలరంటారు. ఆ పన్ను కట్టొద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి, బ్యాంకుకు చెప్పండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

ఇక ఫైలు. బ్యాంకు ఖాతాలు, ఎఫ్‌డీలు, పీఎఫ్ యూఏఎన్, పాలసీ నంబర్లు, ఫండ్ ఫోలియోలు, ఇచ్చిన చేబదుళ్లు, పూచీ పడిన చీటీలు ఒకే కాగితం మీద రాయండి. పాస్‌వర్డులు రాయొద్దు. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో ఇంకా అమ్మానాన్నలే నామినీలుగా ఉంటారు. పీఎఫ్‌తో సహా ఒక్కొక్కటీ చూసి మార్చండి. 2025 నవంబర్ నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీల దాకా పెట్టవచ్చు. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే, బ్యాంకు డిపాజిట్లలో హక్కు వారసులదే. ఇంట్లో చిక్కులుండేలా ఉంటే వీలునామా రాసి రిజిస్టర్ చేయించండి. ఆ కాగితం ఎక్కడుందో భార్యకో భర్తకో చూపించి, ఒకసారి వాళ్లచేతనే పీఎఫ్ పాస్‌బుక్ తెరిపించి, ఒక ఎఫ్‌డీ రసీదు చదివించండి. కాగితం మీద తేదీ వేసి, ప్రతి ఏప్రిల్‌లో తిరగరాయండి.